మొదటి పళ్ళెం

మా పిల్లల తల్లి పోయిన నవంబరులో చనిపోయింది. మంగళవారం ఉదయం, నల్లగొండ దవాఖానలో. గుండె జబ్బు. నాలుగు నెలలుగా మందులు వాడుతున్నది. ముందురోజు సాయంత్రం నాతో మాట్లాడింది. మిక్సీ గిన్నె రబ్బరు అరిగిపోయింది, పండుగ లోపల మార్పించు అన్నది. సరే అన్నాను. మాకు చివరి మాటలంటూ వేరే లేవు.

తెలిసినవాళ్ళలో చాలామందికి కబురు చేయలేకపోయాను. అందనివాళ్ళు దీన్నే కబురనుకోవాలి.

ఆమె ఉద్యోగం చేయలేదు. సంఘంలో ఏ పదవీ లేదు. పాట పాడితే తాళం తప్పేది, ఆ సంగతి తెలిసి కూడా గట్టిగానే పాడేది. లోకానికి చెప్పుకునే పని ఏదీ ఆమె చేయలేదు. మా ఇంట్లో మాత్రం పిల్లలకు క్రిస్మస్‌నాడు ఒక అలవాటు నేర్పింది. పదిహేనేళ్ళు ఒక్క ఏడాది తప్పకుండా నడిపింది. నేను రాయదలచుకున్నది దాని గురించే. అందులో నా తప్పు ఒకటుంది. అదీ రాస్తాను.

ఆమెది మక్తల్. జొన్న, సజ్జ, కంది పండే మెట్ట నేల. మాది హాలియా. సాగర్ కాలువ కింద వరి. పెళ్ళయి వచ్చిన మొదటి డిసెంబరులో రోడ్డు పొడుగునా ఆరబోసిన వడ్లు చూసి, "మీ ఊర్ల మనుషులు నడ్వనీకి జాగా లేదు గని వడ్లకైతె మస్తున్నది" అన్నది. పండుగకు మా వాడలో అందరూ అరిసెలు, గరిజెలు చేస్తారు. ఆమె అవి చేస్తూనే, వాటితో పాటు వాళ్ళ ఊరి సజ్జరొట్టె చేసేది. నువ్వులు అద్ది, పెనం మీద ఎండుగా కాల్చిన పలుచని రొట్టె. వారం రోజులైనా మెత్తబడదు. విరిస్తే చప్పుడవుతుంది. మొదట్లో మా అమ్మ దాన్ని చూసి, "ఇది రొట్టెనా, కుండపెంకు ముక్కనా?" అన్నది. మరుసటి ఏడాది నాలుగు ఎక్కువ చేయమని అడిగింది.

అలవాటు మొదలైంది మేము కిరాయికి ఉన్న ఇంట్లో. ఇల్లు ఓనరమ్మది. అప్పటికే అరవై దాటిన మనిషి, ఒంటరిది, మాట కటువు. ఒక రోజు మా ఆమె ఉతికిన బట్టలు దండెం మీద వేసింది. కింద ఓనరమ్మ ఎండబెట్టిన మిరపకాయలున్నాయి. మా బిడ్డ గౌను నీళ్ళు వాటి మీద కారాయి. దాని మీద పెద్ద లొల్లి అయింది. నెల రోజులు రెండు తలుపుల మధ్య మాటల్లేవు.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం మొదటి వాయి దించింది. బిడ్డకప్పుడు ఆరేళ్ళు. పళ్ళెంలో రొట్టెలు, గరిజెలు పెడుతుంటే పక్కనే కూర్చుని చూస్తున్నది.

"ఇవి నాయేనా అమ్మా?"

"కావు. ఓనరమ్మయి."

"ఆమె మనతోని మాట్లాడ్తలేదు గద?"

"అందుకే."

బిడ్డ రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని పోయింది. మేము కిటికీలోంచి చూస్తున్నాము. ఓనరమ్మ తలుపు తీసింది. పళ్ళెం వైపు చాలాసేపు చూసింది. మా ఇంట్లో వండినది ఆమె ముట్టదని మాకు తెలుసు. ఎందుకో కూడా తెలుసు. ఆమె పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. అర్ధగంటకు పళ్ళెం తిరిగి వచ్చింది. అందులో గుప్పెడు బియ్యం, ఒక బెల్లం ముక్క. మా దగ్గర ఒకరి గిన్నె వట్టిగా తిప్పి పంపరు.

"తిన్నదో, ఆవుకు పెట్టిందో" అన్నాను నేను.

"తలుపు తీసింది. నేను గంతకే పంపిన" అన్నది ఆమె.

అది నియమమైంది. ఏడాదిలో ఎవరితో మాటలు పోయాయో, మొదటి పళ్ళెం ఆ ఇంటికి పోవాలి. పిల్లలే తీసుకుపోవాలి. పళ్ళెం గడప దాటేదాకా ఇంట్లో ఎవరూ ఒక్క ముక్క నోట్లో వేసుకోకూడదు. ఇది వాక్యంలో ఉన్నదా అని నేను అడిగాను. "ఉన్నదేమో, పాస్టరుగార్ని అడుగు. నాకైతే మిరపకాయలప్పుడు తోచింది" అన్నది.

పండుగకు ముందు ఆదివారం, ప్రార్థన గుడి నుంచి వచ్చాక, పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి పంచాయితీ పెట్టేది. ఎవరు ఎవరితో కొట్లాడారో చెప్పాలి. తప్పెవరిదని అడిగేది కాదు. మాటలున్నాయా లేవా, అదొక్కటే అడిగేది. ఒక ఏడాది మా కొడుకు బడి నిక్కరు పొట్టిగా కుట్టాడని టైలరుతో పేచీ పెట్టుకున్నాడు. ఆ ఏడాది మొదటి పళ్ళెం టైలరుకని తేలింది. ఓనరమ్మకు ఈ సంగతి తెలిసింది. అప్పటికి ఆమె మా రొట్టె తింటున్నది, ఎట్లా చేస్తారో అడిగి నేర్చుకున్నది కూడా.

"అంటె మంచిగున్నోళ్లకు రెండో పల్లెమా?" అని వచ్చి వాకిట్లో నిలబడింది. "ఆగు, రేపే మీ నల్ల బంద్ చేస్త. అప్పుడు మొదటిది ఎవరికి పంపుతవో సూస్త."

"చెయ్యి ఓనరమ్మా, ఇగ రెండు దినాలే ఉన్నయి. జల్ది చెయ్యి" అని మా ఆమె లోపల్నుంచి నవ్వింది.

తెలంగాణ వచ్చిన ఏడాది ఎండాకాలంలో మా బాపు చనిపోయాడు. ఆ రోజు పోలింగు. నేను లెక్కల సారును. ఎన్నికల డ్యూటీ దేవరకొండ దాటి చాలా లోపల, ఒక తండాలో పడింది. ఫోన్ ఆపేయమన్నారు. ఆపకపోయినా అక్కడ సిగ్నలు లేదు. పెట్టెలు అప్పజెప్పి బయటికి వచ్చాక కబురు తెలిసింది. దొరికిన బస్సు పట్టుకుని మరునాడు పొద్దెక్కాక ఇల్లు చేరాను. ముందురోజు సాయంత్రమే మట్టి చేసేశారు. చేసింది మా అన్న. పొలం చేసుకుంటూ బాపు దగ్గరే ఉన్నవాడు.

నేను సమాధి దగ్గర నిలబడి, "నీకే నాయిననా, నాకు గాదా?" అన్నాను. అన్న ఎర్రబడ్డ కళ్ళతో నన్ను చూసి, "నీకు డ్యూటీ పెద్దదాయె" అన్నాడు. ఆ ఒక్క మాట. దాని మీద పదకొండేళ్ళు గడిచాయి.

ఆ ఎండకు బాపును మరునాటిదాకా ఉంచలేరని నాకు తెలియకపోలేదు. ఆ రోజంతా కరెంటు లేదనీ తెలుసు. మా ఆమె అక్కడే ఉన్నది. ఎన్నోసార్లు చెప్పింది. "మీ అన్న మూడుసార్లు రోడ్డు దాక పోయి బస్సులు సూసొచ్చిండు. నా కండ్లతోని సూసిన. నువ్వు నమ్మవు." నేను నమ్మలేదు. నమ్మితే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ డిసెంబరు పంచాయితీలో మా బిడ్డ నా వైపు తిరిగింది. పదేళ్ళ పిల్ల. "డాడీ, మరి నీకెవరితోని మాటల్లేవు?" నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. మా ఆమె నా బదులు జవాబు చెప్పింది. "పెద్దబాపుతోని. ఈసారి పల్లెం ఆడికి."

పిల్లలిద్దరూ పోయారు. మా అన్న ఇల్లు కాలువ మీది చిన్న వంతెన అవతల, పాత వాడలో. పెద్దమ్మ తీసుకున్నదని, ఇద్దరి తలలు నిమిరిందని, పెద్దబాపు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడని వచ్చి చెప్పారు. పళ్ళెం మాత్రం రాలేదు. ఆ రోజు రాలేదు, వారానికి రాలేదు, నెలకు రాలేదు.

"సూసినవా? పల్లెం గూడ వాపస్ రాలె. ఇంక మనుషులొస్తరా?" అన్నాను.

"గింత పల్లెం ఉంచుకున్నరంటె, ఇంట్ల మనకు గింత జాగా ఇచ్చినట్టే గద" అన్నది.

మాటలు కలిసేదాకా ఆ ఇల్లు మారదని తీర్పు చెప్పింది. ప్రతి ఏడాది దసరా తర్వాత సామాన్ల దుకాణానికి పోయి కొత్త స్టీలు పళ్ళెం కొనేది. వేలితో కొట్టి చప్పుడు వినేది. మందం సరిపోతే, వెనకవైపు పిల్లలిద్దరి పేర్లు చెక్కించేది. మా ఇద్దరి పేర్లు ఎప్పుడూ చెక్కించలేదు. పండుగ ముందురోజు దాన్ని నింపి, ఉతికిన తెల్ల గుడ్డ కప్పి, నాలుగు మూలలూ కింద ముడివేసేది. కరోనా ఏడు కూడా ఆగలేదు. పిల్లలు పళ్ళెం గేటు పక్కన గద్దె మీద పెట్టి, గొళ్ళెం చప్పుడు చేసి, దూరం జరిగి నిలబడ్డారట. వదిన వచ్చి తీసుకుని అక్కణ్ణుంచే చెయ్యి ఊపిందట.

కొడుకు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఎదురు తిరిగాడు. అక్కకు జ్వరం, వాడొక్కడే పోవాలి.

"నేను వోను. సిగ్గయితది. పెద్దబాపు నా మొకం గూడ సూడడు."

"నువ్వు ఆయన మొకం సూడనీకి పోతున్నవా, పల్లెం ఇయ్యనీకి పోతున్నవా?"

"నేను వోనంటె వోను."

"సరె. అయితె ఎవ్వరు తినొద్దు."

ఆమె పొయ్యి ఆర్పి బయట అరుగు మీద కూర్చున్నది. ఇల్లంతా బెల్లం వాసన. మధ్యాహ్నం దాటింది. జ్వరంలో ఉన్న బిడ్డ లోపల్నుంచి, "తమ్మీ, నాకు గరిజె తినబుద్ధయితుంది, జర పోరాదురా" అని మూలిగింది. అది నిజం మూలుగు కాదని అందరికీ తెలుసు. పొద్దు వాలేవేళ వాడు పళ్ళెం తీసుకుని పరుగులాంటి నడకతో పోయాడు. వచ్చి ఆరు రొట్టెలు తిన్నాడు. ఆమె వాడి పక్కన కూర్చుని, "పండుగంటె తినుడు గాదు బిడ్డా, పోయొచ్చుడు" అన్నది. తర్వాత నాకు తెలిసింది, పెద్దబాపు ఆ రోజు వాడితో ఒక మాట మాట్లాడాడట. "ఎన్నో తరగతి?" అని. వాడు నాకు చెప్పలేదు. తల్లికి చెప్పాడు.

పోయినేటి క్రిస్మస్ ముందురోజు ఆమె గుడ్డ ముడి వేసి పళ్ళెం నా చేతిలో పెట్టింది. అప్పటికే ఆయాసం మొదలైంది. మేము దాన్ని గ్యాసు అనుకున్నాము.

"ఈసారి నువ్వు వో."

"పిల్లల పని గద" అన్నాను.

"పిల్లలు పెద్దగైన్రు. వాళ్ల వంతు అయిపోయింది. అలిగింది నువ్వు, మోసింది వాళ్లు. ఇగ వో సారూ."

నన్ను సారూ అన్నదంటే ఇక వాదన లేదని అర్థం. పోయాను. వంతెన దాటాను. అన్న ఇల్లు కనిపించింది. ముందర స్టూలు వేసుకుని, దాని మీద నిలబడి, చూరుకు నక్షత్రం కడుతున్నాడు. వీపు నా వైపు ఉన్నది. స్టూలు కదులుతున్నది. వెళ్ళి పట్టుకోవచ్చు. "అన్నా" అంటే చాలు. కిరాణా కొట్టు పక్కన ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆయన దిగి ఇటు తిరిగేలోపల నేను వెనక్కి తిరిగాను.

కాలువ రోడ్డు మీద వడ్లకు కావలి ఉన్న ఒక కుటుంబం కనిపించింది. రొట్టెలు, గరిజెలు వాళ్ళకు ఇచ్చేశాను. పళ్ళెం కాలువలో కడిగి, చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి వచ్చి, బండి పెట్టెలో దాచాను. సెలవులు అయ్యాక దాన్ని బడికి తీసుకుపోయి, నా బీరువాలో పాత జవాబు పత్రాల కింద పెట్టాను.

వట్టి చేతులతో వచ్చిన నన్ను ఆమె గడపలోనే అడిగింది.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఏమన్నడు?"

"ఏమనలె."

ఆ రాత్రి ఆమె నా పక్కన కూర్చుని రెండు రొట్టెలు తిన్నది. రుచి చూడటం తప్ప, చేసినవి తాను కూర్చుని తినడం ఆమెకు అలవాటు లేదు. అంత తృప్తిగా ఆమె తినడం నేను చూడలేదు. చెప్పాల్సిన క్షణం అదే. చెప్పలేదు. తర్వాత ఎన్ని రోజులు ఉన్నాయో నాకేం తెలుసు?

నవంబరులో ఆమెను నల్లగొండ నుంచి ఇంటికి తెచ్చేసరికి మా అన్న వాకిట్లో ఉన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. టెంటు వేయించాడు, బల్ల తెప్పించాడు, కుర్చీలు సర్దుతున్నాడు. నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా బిడ్డ మహబూబ్‌నగర్‌లో నర్సింగు చివరి ఏడాది చదువుతున్నది. ఆ రోజు దానికి పరీక్ష. బయలుదేరేసరికే ఆలస్యమైంది. దారిలో బస్సు చెడిపోయింది. నాలుగు దాటింది. పొద్దు పోతున్నదని, ఇక లేవనెత్తుదామని పెద్దలు అంటున్నారు. నాకు ఏమీ తోచడం లేదు.

మా అన్న మధ్యలోకి వచ్చాడు. "బిడ్డె రాందే ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు. చీకటైతె లైట్లు పెడ్దాం" అన్నాడు. ఆ తర్వాత తువ్వాలు భుజం మీద వేసుకుని రోడ్డు వైపు నడిచాడు. కాసేపటికి వచ్చాడు. మళ్ళీ పోయాడు. నేను కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాను. మూడోసారి వచ్చినప్పుడు నా బిడ్డ ఆయన చేయి పట్టుకుని ఉన్నది.

మట్టి చేసి వచ్చాక ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టాలు వండి తెస్తారు. అన్నం, పప్పు, కూర అన్నీ మా వదిన తెచ్చింది. కోడలిని వెంటబెట్టుకుని రెండుసార్లు తిరిగింది. వడ్డించింది స్టీలు పళ్ళేలలో. మా కొడుకు తన ముందున్న పళ్ళెంలో అన్నం తిని, కడిగేటప్పుడు వెనక్కి తిప్పాడు. తన పేరు, అక్క పేరు. ఇంకో పళ్ళెం తిప్పాడు. అదే. అన్నీ అవే.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "ఉత్త పల్లెం ఎట్ల పంపుదు? నింపి పంపుత అంటె మీ అన్న ఉలకడు, పలకడు. అట్ల అట్ల అటక మీద ఉండిపోయినయి. మా చెల్లె ఇంటికి ఇయ్యాల నింపి తెచ్చిన" అన్నది. చెల్లె అంటే మా ఆమె.

కొడుకు వాటిని తుడిచి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. "పది" అన్నాడు. వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాడు. "పదకొండు ఉండాలె గద డాడీ?"

లెక్కల సారును, నేను లేచి చేతులు కడుక్కోవడానికి పోయాను.

డిసెంబరు వచ్చింది. ఈ ఏడాది మాకు పండుగ లేదనే అనుకున్నాను. నక్షత్రం కట్టలేదు, సున్నం వేయలేదు. బిడ్డ సెలవులకు వచ్చింది. ఆదివారం గుడి నుంచి వచ్చాక, తల్లి కూర్చునే చోట కూర్చుని తమ్ముణ్ణి పిలిచింది. నన్నూ పిలిచింది.

"నక్షత్రం లేకపోతె లేదు. పల్లెం మాత్రం పోవాలె" అన్నది. "ఒక్కటే ఫికర్. ఈసారి అమ్మ పల్లెం కొనలె. దసరాకు నేను అడిగిన. 'కొనేది లేదు బిడ్డా, పోయినేటిది ఒకటి మిగిలున్నది' అన్నది. ఇల్లంత ఎతికిన. ఏడా లేదు."

అది ఎక్కడున్నదో నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఆమెకూ తెలుసు. పది నెలలు తెలిసి ఊరుకున్నది. అన్నం పెట్టింది, మందులు వేసుకున్నది, మిక్సీ రబ్బరు గురించి చెప్పింది. దీని గురించి ఒక్క మాట అనలేదు.

మరునాడు బడిలో బీరువా తెరిచాను. పళ్ళెం తెచ్చి పిల్లల ముందు పెట్టి, జరిగింది చెప్పాను. బిడ్డ ఏడ్చింది. కొడుకు పళ్ళెం తిప్పి వెనక పేర్లు చూశాడు.

"నన్నైతె దినమంత పస్తు పెట్టిన్రు. నువ్వేమొ వడ్ల కాడ పంచిపెట్టొచ్చినవ్?"

"అవును."

"అమ్మ ఉంటె నిన్ను పస్తు పెట్టేది."

"పెట్టాల్సిందే" అన్నాను. అప్పుడు ముగ్గురం కొంచెం నవ్వాము. ఆమె పోయాక ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదలు.

మిక్సీ రబ్బరు మార్పించాను. రొట్టెలు మాత్రం బిడ్డకు రాలేదు. తట్టినవి తట్టినట్టు పగిలిపోయాయి. ఓనరమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. మేము సొంత ఇంటికి మారినా అదే వీధి. ఇప్పుడు ఆమెకు డెబ్బై అయిదు దాటాయి. "నీళ్లు మసలాలె పొల్లా. సల్లనీళ్లతోని సజ్జపిండి మాట ఇంటదా? మీ అమ్మ నాకు నేర్పింది, నీకు నేర్పకపాయె" అని కసిరి, పీట లాక్కుని కూర్చున్నది. ఆమె చేత్తోనే పన్నెండు రొట్టెలు అయ్యాయి. ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. మా నియమం ఆమెకు తెలుసు.

గుడ్డ ముడి నేనే వేశాను. నాలుగు మూలలు. రెండుసార్లు ఊడింది.

వంతెన దాటాను. మా అన్న ఇంటి మీద కూడా ఈసారి నక్షత్రం లేదు. తమ్ముని ఇంట్లో చావు జరిగిన ఏడాది కదా. ఆయన మంచం మీద కూర్చుని నవారు బిగిస్తున్నాడు. చూపు తగ్గినట్టున్నది.

"ఎవరూ?"

"నేను."

"నేనంటె?"

"నీ తమ్మున్ని అన్నా."

నవారు వదిలేసి లేచాడు. నా వెనక పిల్లల కోసం చూశాడు. ఎవరూ లేరు. రెండు చేతులతో పళ్ళెం అందుకున్నాడు. "ఏమే, బయటికి రా. తమ్ముడొచ్చిండు" అని ఇంట్లోకి కేక వేశాడు.

వదిన వచ్చి ముడి విప్పింది. పళ్ళెం ఎత్తి వెనక పేర్లు చూసింది.

"పోయినేటిది వదినా" అన్నాను. "ఈడి దాక తెచ్చి మల్ల తీసుకపోయిన."

"తెలుసు. జనవరిల అంగట్ల కలిసింది మా చెల్లె. 'అక్కా, పల్లెం ముట్టిందా?' అని అడిగింది. 'ఈసారి రాలె గద పిల్లా' అన్న. చేతిల సంచి కింద పెట్టింది. తర్వాత నవ్వి, 'తొవ్వల ఉన్నది అక్కా, వస్తది' అన్నది."

అన్న రొట్టె విరిచాడు. చప్పుడైంది. సగం నాకిచ్చాడు. ఇద్దరం మంచం మీద కూర్చుని తిన్నాము. రొట్టె అయిపోయాక ఆయన నేల వైపు చూస్తూ, "గా దినం గూడ ఆపాల్సింది తమ్మీ. ఆపలె" అన్నాడు.

"ఎండ గద అన్నా" అన్నాను.

వదిన లోపల్నుంచి గిన్నెల చప్పుడు చేస్తూ, "ఆగు, పల్లెం నింపిస్త" అన్నది. వద్దు, ఉండనీ అన్నాను. మళ్ళీ ఎప్పుడైనా నింపి వాళ్ళే తెస్తారు.

పొద్దు వంగుతుండగా ఇంటికి నడిచాను. కాలువ గట్టు పొడుగునా వడ్లు కుప్పలకు ఎత్తుతున్నారు. పిల్లలిద్దరూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు, వెనక కర్ర పట్టుకుని ఓనరమ్మ. ముగ్గురూ నా మొహం చూడలేదు. చేతులు చూశారు. వట్టివి. ఈసారి నిజంగానే. చూపించడానికి అరచేతులు చాపాను. కుడి అరచేతికి రెండు నువ్వులు అంటుకుని ఉన్నాయి.